తల అసలుదేనా అని అడగనివ్వు

సిరొంచ, మహారాష్ట్ర

బిడ్డా,

బడి పిల్లలకు ఆన్‌లైన్‌లో డైనోసార్ల మ్యూజియాలు చూపిస్తానన్నావు, సంతోషం. నేను మొదటిసారి చేసింది చెప్తే నవ్వుతావు. ఒక్క గంటలో నాలుగు మ్యూజియాలు తిప్పాను. ఏం చూశార్రా అంటే ‘పెద్ద పెద్ద బల్లులు సార్’ అన్నారు. అంతే! అందుకే పూటకు ఒక్క జంతువు చాలు.

షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని ‘సూ’తో మొదలుపెట్టు. 1990లో సూ హెండ్రిక్సన్ అనే ఆమెకు కనబడిన టి.రెక్స్ అనే మాంసాహార డైనోసార్ అది, ఆమె పేరే పెట్టారు. పొడవు 40 అడుగులు. తెర మీద ఆ పొడవు ఎవరికీ తెలియదు, ఎద్దుల పగ్గం తెచ్చి కొలిపించు. మా బడిలో అది వరండా దాటి బోరింగు దాకా పోయింది. అప్పుడు నోళ్ళు తెరిచారు.

తర్వాత తల చూపించు. నిలబెట్టిన అస్థిపంజరానికి ఉన్నది నకలు తల. అసలుది చాలా బరువు, దాన్ని విడిగా పెట్టారు. ఏది ఎముక, ఏది మనిషి చేసింది అని పిల్లలు వెతకడం మొదలుపెడితే నీ పని సగం అయినట్టే.

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం వర్చువల్ టూర్‌కు యాప్ అక్కర్లేదు. కెమెరా గుర్తు నొక్కితే వస్తువు దగ్గరగా కనిపిస్తుంది. మన దగ్గర సిగ్నల్ సంగతి తెలుసు కదా, ముందురోజు రాత్రే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకో. అక్కడి ఇంగ్లీషు బోర్డులు నువ్వే చదువుకుని తెలుగులో చెప్పు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, మధ్యలో ఇంగ్లీషు అంటే పిల్లలు అలసిపోతారు.

ఇక అసలు సంగతి. మన దిక్కు కూడా డైనోసార్ల ఎముకలు దొరికాయి. అవి దొరికిన ‘కోట’ రాళ్ళ పొరకు ఆ పేరు మన ప్రాణహిత ఒడ్డునున్న కోట ఊరి నుంచే వచ్చింది. ఏటి అవతల యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్‌కు 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. ఆ పొరల్లోనే దొరికిన ఇంకో డైనోసార్ బారాపాసారస్ టాగోరీ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. ‘బారా పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. టాగోర్ శతజయంతి ఏడాది 1961లో తవ్వకం సాగింది కాబట్టి ఆయన పేరు కూడా చేరింది. రెండింటికీ పళ్ళు దొరికాయి కానీ పుర్రె దొరకలేదు. మరి ఆ తలలు ఎట్లా పెట్టారని సూ తల చూసిన పిల్లలు అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకు, వాళ్ళనే బొమ్మ గీయమను.

ఇదంతా చూశాక ఏటి ఒడ్డుకు గడ్డపారలతో పరుగెత్తుతారు, నాకు తెలుసు. రాయిలో ఎముకలాంటిది కనబడితే తవ్వొద్దని, ఇంటికి తేవొద్దని ముందే చెప్పు. పక్కన పెన్ను పెట్టి ఫోటో తీసి, చోటు రాసుకుని రమ్మను. ఫోటోలు నాకు పంపు.

మీ పెద్దబాపు