టెక్ సందేహాలు: 2038 సంగతి చూసే టైం ఎవరికుంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నేను సెక్రటరీని. 2038లో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటూ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. మాకు కెమెరాలు, వాటి రికార్డింగ్ దాచే డీవీఆర్, గేటు దగ్గర వేలిముద్ర మెషిన్, లిఫ్ట్ ఉన్నాయి. కాస్త నేర్చుకుందామంటే ఆఫీసు, పిల్లల చదువుల మధ్య టైం దొరకడం లేదండీ. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈ నెలలో ఇదే ప్రశ్న రావడం నాలుగోసారి. అందరిదీ ఒకటే మాట, టైం లేదు. ఆ వీడియో మొత్తం చూసి, పది మందికి పంపడానికి మాత్రం దొరికింది!

సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. పాత పద్ధతి సాఫ్ట్‌వేర్ 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్ల, అంటే 32 సున్నా-ఒకట్లు పట్టే గడిలో దాచుకుంటుంది. అందులో పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 సెకన్లే. మన టైం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు గడి నిండిపోతుంది. మరుసటి సెకనుకి లెక్క మైనస్‌లోకి దొర్లి, గడియారం 1901 డిసెంబర్‌లో పడుతుంది. ఈమధ్య కొన్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ 64 బిట్లవే, ఆ గడి చాలా పెద్దది, వాటి గురించి టెన్షన్ వద్దు. గోడకు బిగించి మర్చిపోయినవాటితోనే చిక్కు.

‘వైటూకేలాగే ఇదీ ఉత్తిదే’ అని మీ గ్రూపులో ఎవరో ఒకరు అనే ఉంటారు. వైటూకే అంటే, సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న కంప్యూటర్లు 2000 రాగానే 1900 అనుకుంటాయన్న గొడవ. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని సరిచేయడానికి అమెరికా విమానమెక్కినవాళ్ల దగ్గర ఆ మాట అని చూడమనండి. 2000 జనవరి 1న పెద్దగా ఏమీ కాలేదంటే, అంతకుముందు ఏళ్ల తరబడి కూర్చుని బాగుచేశారు కాబట్టి.

నాకు ఆ మంగళవారం కన్నా ఇవాళ్టి రాత్రే ఎక్కువ భయం. డీవీఆర్ లాంటివి టైంను నెట్‌లో అడిగి తెచ్చుకుంటాయి. ఆ జవాబు ఎవరిచ్చారో సరిచూసుకునే ఏర్పాటు చాలావాటిలో ఉండదు. మీ వైఫైలోకి దూరినవాడు ‘ఇవాళ 2038 జనవరి 20’ అంటే నమ్మేస్తాయి. ఆపైన ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ రాసిన తీరును బట్టి ఉంటుంది. ఒకటి రీస్టార్ట్ అవుతూనే ఉండొచ్చు. ఇంకొకటి నిన్నటి రికార్డింగ్ ఏదో, పాతదేదో తేల్చుకోలేక కావలసినదాన్నే చెరిపేయొచ్చు. అవతలి సర్వర్ అసలైనదేనని చెప్పే సెక్యూరిటీ సర్టిఫికెట్‌ని, గడియారం 1901కి వెళ్లిన మెషిన్ ‘దీని గడువు ఇంకా మొదలుకాలేదు’ అని తిప్పికొట్టొచ్చు. దొంగతనం జరిగిన రాత్రి ఫుటేజ్ పోలీసులు అడిగితే 1901 నాటిది చూపిస్తారా? దీనికి 2038 దాకా ఆగాల్సిన పనే లేదు. 2006 మే నెలలోనే ఒక వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇలా బోల్తాపడింది. ‘గడువు లేదు’ అనడానికి బదులు అందులో 100 కోట్ల సెకన్ల గడువు పెట్టుకున్నారు. ఆ రోజు టైంకి అది కలిపితే లెక్క 2038 దాటింది.

మొన్న ఆదివారం మా అటక మీది పాత డీవీఆర్ దించి చూశాను. తేదీ మెనూలో సంవత్సరం 2037 దాకా వెళ్లి, మళ్లీ 2000కి వచ్చేసింది. అంటే తయారుచేసినవాళ్లకు సంగతి తెలుసన్నమాట! లోపల బాగుచేయకుండా మెనూ కత్తిరించి ఊరుకున్నారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది. ఇలాంటి పెట్టెల్లో చాలావాటిని నడిపించే లైనక్స్ సాఫ్ట్‌వేర్‌లో 32 బిట్ల మెషిన్లకు కూడా 2020లోనే దారి చూపారు. అయినా అంతకుముందటి సాఫ్ట్‌వేర్‌నే పెట్టెలో పోసి, రెండేళ్లకు అప్‌డేట్లు ఆపేసి, పదిహేనేళ్లు గోడకుండే సరుకుగా అమ్మేవాళ్లను ఏమనాలి? ఫ్రిజ్‌కి స్టార్ల స్టిక్కర్ ఉన్నట్టు వీటికీ ‘అప్‌డేట్లు ఫలానా ఏడాది వరకు’ అని స్టిక్కర్ వేయించాలని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను.

ఇక మీ టైం సంగతి. ఈ ఆదివారం నలభై నిమిషాలు చాలు. ఒక నోట్‌బుక్ పట్టుకుని, వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని గేటు నుంచి టెర్రస్ దాకా నడవండి. టైం చూపించే ప్రతి డబ్బా పేరు, మోడల్, సాఫ్ట్‌వేర్ తేదీ, రిపేర్‌కి ఎవరొస్తారో రాయండి. డీవీఆర్ గడియారం ఇప్పుడే ఇరవై నిమిషాలు తేడాగా ఉన్నా నేను ఆశ్చర్యపోను. పాస్‌వర్డ్ ఇంకా కొన్ననాటిదే అయితే అక్కడే నిలబడి మార్చేయండి. బయటి నుంచి ఎవరూ చూడక్కర్లేకపోతే రౌటర్‌లో దానికి తెరిచిన దారి మూసేయండి. తర్వాత అమ్మినవాళ్లకు ఒక్క మెయిల్: ‘ఇందులో టైం 64 బిట్లదేనా? కాకపోతే అప్‌డేట్ ఎప్పుడు?’ జవాబు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) ఫైల్లో పెట్టండి. జవాబు రాకపోతే, అది కూడా రాసి పెట్టండి, వచ్చేసారి కొనేటప్పుడు అక్కరకొస్తుంది. నడుస్తున్న డీవీఆర్‌లో తేదీ ముందుకు జరిపి ప్రయోగాలు మాత్రం వద్దు, రికార్డింగ్ పోతుంది. లిఫ్ట్ ప్యానెల్ జోలికి అసలు వెళ్లకండి.

ప్రశ్న: మా ఉద్యోగుల సొసైటీ పాత సాఫ్ట్‌వేర్‌లో పదిహేనేళ్ల అప్పు ఎంట్రీ వేస్తే చివరి వాయిదా 1904లో చూపిస్తోంది. వైరసా?

జవాబు: కాదు. 2040లో పడాల్సిన వాయిదా 136 ఏళ్లు వెనక్కి దొర్లింది, మీకు 2038 ముందే వచ్చేసింది. ఇవాళే బ్యాకప్ తీసి, ఆ సాఫ్ట్‌వేర్ రాసిన అబ్బాయి ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కోండి. దొరికేదాకా పొడుగాటి అప్పులన్నీ ఎక్సెల్‌లో వేసుకోండి.