పాతికేళ్లుగా ఒకే ఇంటివాళ్లు గెలుస్తున్నారు: పదవీకాలానికి పరిమితి పెడితే మారుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ నియోజకవర్గంలో పాతికేళ్లుగా ఒకే నాయకుడు, ఆయన పోటీ చేయనప్పుడు ఆయన కుమారుడు గెలుస్తూ వస్తున్నారు, కండువా రంగు మారినా ఇల్లు మారడం లేదు, ఒక వ్యక్తి రెండుసార్లకు మించి ఎమ్మెల్యే కాకూడదని చట్టం తెస్తే ఈ పరిస్థితి మారుతుందా? నేను ఉత్తర తెలంగాణలోని ఒక మండలంలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఉద్యోగకాలంలో పంచాయతీ మొదలుకొని పార్లమెంటు దాకా చాలా ఎన్నికల్లో పోలింగ్ విధులు చేశాను. పదవీకాల పరిమితి అన్న మాట వినడానికి బాగుంటుంది కానీ మీ బాధకు మందు అందులో లేదని నా అభిప్రాయం. మీ ఎమ్మెల్యే ఎన్నేళ్లుగా ఉన్నారన్నదాని కంటే, ఆయన సంతకం లేకుండా మీ ఊళ్లో ఎన్ని పనులు జరుగుతున్నాయన్నది చూడాలి.

ముందు చట్టం సంగతి. ప్రధానమంత్రికి గానీ, ముఖ్యమంత్రికి గానీ, ఎమ్మెల్యేకు గానీ ఇన్నిసార్లే అన్న పరిమితి మన రాజ్యాంగంలో లేదు. శాసనసభ్యుల అర్హతలు, అనర్హతల విషయంలో చట్టం చేసే అధికారం పార్లమెంటుది కాబట్టి రాష్ట్రం తీర్మానం చేసి పంపగలదేమో గానీ తనంతట తాను ఈ నిబంధన పెట్టుకోలేదు. పార్లమెంటులో దీనికి చేయి ఎత్తవలసిన వారిలో చాలామంది మూడోసారో నాలుగోసారో గెలిచి వచ్చినవారే అన్నది మరో చిక్కు.

అయినా సరే, అలాంటి చట్టం వచ్చిందే అనుకుందాం. దాని ఫలితం ఎలా ఉంటుందో ఊహించుకోనవసరం లేదు, ఎందుకంటే దాదాపు అదే ప్రయోగం మన పల్లెల్లో ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం సర్పంచ్ పదవుల రిజర్వేషన్లు వంతులవారీగా మారుతుంటాయి కనుక ఒకే మనిషి వరుసగా ఆ కుర్చీలో కూర్చోవడం చాలా ఊళ్లలో సాధ్యపడదు. మా ఊళ్లో స్థానం జనరల్‌గా ఉన్నప్పుడు సర్పంచ్ అయిన పెద్దమనిషి, అది మహిళలకు వచ్చినప్పుడు భార్యను నిలబెట్టాడు, బీసీలకు వచ్చినప్పుడు తన దగ్గర ట్రాక్టర్ నడిపే కుర్రాణ్ణి నిలబెట్టి గెలిపించాడు, తాను వార్డు సభ్యుడిగా గెలిచి ఉపసర్పంచ్ అయ్యాడు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ చెక్కుల మీద ఉమ్మడి సంతకం అధికారం ఇచ్చింది కాబట్టి ఆయన సంతకం లేకుండా ఆ ఐదేళ్లూ ఒక్క బిల్లు కూడా కదలలేదు. ఇందుకని రిజర్వేషన్లు వృథా అని నేను అనను. భర్త చాటున నామినేషన్ వేసిన మహిళల్లో కొందరు రెండో ఏడు తిరిగేసరికి మండల సమావేశంలో ఎంపీడీవోను నిలదీయడం నేను కళ్లారా చూశాను. కానీ కుర్చీలో మనిషిని మార్చినంత మాత్రాన ఊరి మీద పట్టు చేతులు మారదు.

ఓటరు చేతకానివాడు, ఎన్నాళ్లయినా భరిస్తాడు అన్న మాట కూడా నిజం కాదు. 2023 తెలంగాణ ఎన్నికల్లో అప్పటి అధికార పార్టీ బీఆర్ఎస్ ప్రకటించిన 115 మంది తొలి జాబితాలో మార్చిన సిట్టింగు ఎమ్మెల్యేలు ఏడుగురే. ఎమ్మెల్యేల మీద జనంలో ఉన్న కోపం ముఖ్యమంత్రి మీద అభిమానంతో సర్దుకుపోతుందని ఆ పార్టీ లెక్కవేసుకున్నట్టుంది. 119 స్థానాల్లో 39 మిగిలాయి. పాలకుర్తిలో, అంతకుముందు వర్ధన్నపేట నుంచి మూడుసార్లు, పాలకుర్తి నుంచి మూడుసార్లు గెలిచిన ఎర్రబెల్లి దయాకర్‌రావును 26 ఏళ్ల యశస్వినీ రెడ్డి ఓడించారు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ఆర్‌సీపీ సరిగ్గా దీనికి ఎదురు పని చేసింది. పదుల సంఖ్యలో సిట్టింగులను పక్కన పెట్టింది, కొందరిని పక్క నియోజకవర్గాలకు పంపింది. 2019లో 151 గెలిచిన పార్టీకి 175లో 11 దక్కాయి. పాతవారిని ఉంచినవారినీ, మార్చినవారినీ ఓటరు ఒకేలా ఇంటికి పంపాడంటే, అతని కోపం వయసు మీదా అనుభవం మీదా మాత్రమే కాదన్నమాట. పాలకుర్తిలో కొత్తగా వచ్చినవారు కూడా, పోటీ చేయవలసిన అత్తగారికి పౌరసత్వం విషయంలో అడ్డంకి రావడంతో బరిలోకి దిగిన కోడలే. కొత్త ముఖం కూడా చాలాసార్లు ఏదో ఒక ఇంటి గుమ్మంలోంచే వస్తుందనడానికి ఇది చెబుతున్నాను, ఆమె పనితీరు మీద వ్యాఖ్యగా కాదు.

కోపం తీర్చుకున్న తరువాత ఏం జరుగుతుందన్నది ఇంకా చేదుగా ఉంటుంది. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విలీనం పేరుతో టీఆర్ఎస్‌లో (ఇప్పటి బీఆర్ఎస్) కలిశారు. 2024లో పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారన్నది ఫిర్యాదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టం తీర్పు చెప్పే పనిని స్పీకర్‌కు అప్పగించింది, స్పీకర్ దాదాపు ఎప్పుడూ అధికార పార్టీ మనిషే. రెండో కేసులో నోటీసులు ఇవ్వడానికే నెలలు గడిచిపోయాయి, చివరకు 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చాలని చెప్పవలసి వచ్చింది. ఈ అధికారాన్ని స్పీకర్ చేతిలోంచి తీసి స్వతంత్ర ట్రైబ్యునల్‌కు ఇచ్చే విషయం పార్లమెంటు ఆలోచించాలని 2020లోనే ఆ న్యాయస్థానం సూచించింది. పదవీకాల పరిమితి కంటే ఈ ఒక్క మార్పు ఓటుకు ఎక్కువ విలువ తెస్తుందని నేను నమ్ముతాను. మీ ఎమ్మెల్యే కండువాలు మార్చిన సంగతి మీరే రాశారు కదా. ప్రతి మార్పుకూ ఆయన రాజీనామా చేసి మళ్లీ మీ ముందుకు రావలసి ఉంటే పాతికేళ్లు నిలబడేవారా అన్నది అనుమానమే.

ఇక అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. ఆ ఖర్చులో కొంతైనా వస్తుందని ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టాం. అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు నకలు అన్నీ ఉన్నా ఎమ్మెల్యే సిఫారసు లేఖ లేనిదే ఫైలు ముందుకు పోదు. ఆ లేఖ కోసం క్యాంపు ఆఫీసు గేటు దగ్గర, నీరెండలో కాగితాల సంచులు పట్టుకుని నిలబడ్డవారి మధ్య నేనూ నిలబడ్డాను. నెలల తరువాత చెక్కు వచ్చింది, కానీ మా ఇంటికి కాదు, క్యాంపు ఆఫీసుకు. ఒకరోజు పొద్దున ఫోను చేసి అమ్మను తీసుకురమ్మన్నారు. హాల్లో కుర్చీలు, వెనుక ఫ్లెక్సీ, పేరు పిలిచినప్పుడు లేచి వెళ్లి ఎమ్మెల్యే చేతి మీదుగా చెక్కు అందుకుని ఫొటోకు నిలబడాలి. "ఇప్పుడు పాణం మంచిగున్నదా అమ్మా" అని ఆయన అడిగారు, అమ్మ రెండు చేతులూ జోడించింది. ఆ చెక్కులోని సొమ్ము ప్రభుత్వ నిధిలోది, అందులో ఆయన జేబులోంచి వచ్చింది ఒక్క పైసా లేదు. అయితే అంతకుముందు ఊరి రోడ్డు గురించి ఆయనను పదేళ్లపాటు తిట్టిన అమ్మ, ఆ తరువాత వచ్చిన ఎన్నికల్లో, "ఎట్లున్నా మనకు చెక్కు ఇచ్చిండు గదరా" అంది. ఆమెతో వాదించడానికి నాకు నోరు రాలేదు.

ఒక్క సహాయనిధే కాదు. పేదింటి ఆడపిల్ల పెళ్లికి సాయం చేసే కల్యాణలక్ష్మి పథకం దరఖాస్తు తహసీల్దారు పరిశీలించాక ఎమ్మెల్యే ఆమోదం కోసం ఆగుతుంది, 1,00,116 రూపాయల చెక్కు మళ్లీ అదే క్యాంపు ఆఫీసులో అదే తీరుగా అందుతుంది. దళిత కుటుంబాలకు ఉపాధి సాయం చేసే దళితబంధు పథకంలో లబ్ధిదారుల ఎంపిక ఎమ్మెల్యేల జాబితాల మీద నడిచింది, సిఫారసు లేదన్న కారణంతో దరఖాస్తులను పక్కన పెట్టవద్దని 2022లో హైకోర్టు చెప్పవలసి వచ్చింది. తిరుమల దర్శనానికి కూడా లేఖే. ఇలా పెళ్లి, జబ్బు, దేవుడి దర్శనం అన్నీ ఒక మనిషి లెటర్‌హెడ్ చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆయన పాతికేళ్లు గెలవడంలో వింతేముంది? ఆయనను ఓడించినా ఆ లెటర్‌హెడ్ మీద మరో పేరు అచ్చవుతుంది, గేటు ముందు వరుస అలాగే ఉంటుంది.

లేఖ అక్కరలేని పథకాలతో పోల్చి చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళితే పని మొదలవుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలు ఆధార్ చూపించి ఉచితంగా ప్రయాణిస్తున్నారు, ఎవరి గేటు దగ్గరా నిలబడటం లేదు. రైతులకు పెట్టుబడి సాయంగా వచ్చిన రైతుబంధు 2018లో మొదటి విడత ఊళ్లలో సభలు పెట్టి చెక్కులు పంచారు, తరువాత నేరుగా ఖాతాల్లో వేశారు. సభ పోయినందుకు ఏ రైతూ బాధపడినట్టు నాకు తెలియదు. మా వృత్తిలోనే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. ఉపాధ్యాయుల బదిలీలు పైరవీల మీద నడిచిన రోజుల్లో వేసవి వస్తే మాలో చాలామంది నాయకుల ఇళ్ల చుట్టూ తిరిగేవారు. సీనియారిటీకి, మారుమూల పనిచేసిన కాలానికి పాయింట్లు ఇచ్చి, జాబితా గోడకు అంటించి, కౌన్సెలింగ్‌లో వరుసగా పిలవడం మొదలుపెట్టాక ఆ తిరుగుడు చాలావరకు ఆగిపోయింది. కౌన్సెలింగ్ లేకుండా దొడ్డిదారి ఉత్తర్వులు వచ్చినప్పుడల్లా సంఘాలు గొడవకు దిగేవి. నాయకుల్లో మంచితనం పెరగడం వల్ల ఈ మార్పు రాలేదు, వారి చేతుల్లోంచి ఒక అధికారాన్ని తీసి జాబితాకు ఇవ్వడం వల్ల వచ్చింది.

దీనికి రెండో వైపు స్థానిక సంస్థలు. ఐదేళ్ల గడువు ముగియకముందే పంచాయతీ ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243ఈ అధికరణం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరితే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 జనవరి ఆఖరుకు గడువు తీరితే 2025 డిసెంబరులో జరిగాయి. ఈ మధ్యకాలంలో ఊళ్లను ప్రత్యేక అధికారులు చూశారు. మా పంచాయతీకి వచ్చిన ప్రత్యేక అధికారికి మరో రెండు ఊళ్ల బాధ్యత, దానికి తోడు తన సొంత శాఖ పని. వీధిదీపం వెలగకపోయినా, మోటారు కాలిపోయినా జనం ఎమ్మెల్యే మనుషులకు ఫోను చేయడం అలవాటు చేసుకున్నారు. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఎన్నికైన పాలకవర్గం లేనిచోట ఆగిపోతాయన్నది వేరే నష్టం.

ఎమ్మెల్యేకు దీటుగా కొత్త నాయకుడు తయారుకావలసింది కూడా అక్కడే. 1987లో మండల పరిషత్తులకు తొలిసారి ఎన్నికలు జరిగినప్పుడు మండల అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. మండలమంతా తిరిగి ఓట్లు సంపాదించిన మనిషికి సొంత బలం ఉండేది. ఇప్పుడు ఎంపీటీసీలు (మండల పరిషత్ సభ్యులు) ఎన్నుకుంటారు, ఆ ఎంపీటీసీలను ఎన్నికకు ముందు బస్సెక్కించి క్యాంపులకు తీసుకువెళ్లేది ఎవరో మనందరికీ తెలుసు. ఎమ్మెల్యే దయతో ఎంపీపీ, అంటే మండల అధ్యక్షుడు, అయిన మనిషి ఎమ్మెల్యే మీద పోటీకి ఎందుకు నిలబడతాడు?

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో తమకు డబ్బు కవర్లు అందలేదని జనం రోడ్డెక్కిన వార్తలు చదివినవారెవరూ ఆ అంకెను నమ్మరు. అభ్యర్థులెవరూ వద్దని చెప్పే నోటా మీట కూడా అంతే: 2013 నుంచి ఉన్నా, దానికి అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డా తరువాతి అభ్యర్థే గెలుస్తాడు. పోలింగ్ కేంద్రంలో "నోటా ఎక్కడుంది సార్" అని అడిగే యువకులను చూసినప్పుడు వారి కోపం అర్థమయ్యేది, కానీ ఫలితాన్ని అది కదిలించదు.

మీరు చేయగలిగింది నేను చేసి చూసినదే చెబుతాను. ప్రతి ఎమ్మెల్యేకు నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉంటుంది. దాని కింద మీ మండలంలో మంజూరైన పనులు, మొత్తాలు, కాంట్రాక్టర్ల పేర్లు ఇవ్వాలని సమాచార హక్కు చట్టం కింద జిల్లా ప్రణాళికా అధికారి కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. మా మండలం జాబితా వచ్చినప్పుడు అందులో ఎక్కువ భాగం కుల సంఘ భవనాల ప్రహరీలు, ఫంక్షన్ హాళ్ల షెడ్లు ఉన్నాయి. మా పాఠశాల మరుగుదొడ్ల మరమ్మతు, అన్నిసార్లు అడిగినది, ఎక్కడా లేదు. ఆ జాబితాను గ్రామసభలో చదివించాను. 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి, చాలా ఊళ్లలో సంతకాలతో సరిపెడతారు కాబట్టి ముందు సభ నిజంగా జరిగేలా పట్టుబట్టండి. సాయంత్రానికల్లా ఎమ్మెల్యే అనుచరుడొకరు ఫోను చేసి "సార్, మీకు ఇవన్నీ ఎందుకు" అన్నాడు, కానీ మరుసటి ఏడాది మరుగుదొడ్ల పని మంజూరైంది.

ఓటు ఎవరికి వేయాలో నేను చెప్పను. ఈసారి ప్రచారానికి వచ్చినవారిని, పాతవారైనా కొత్తవారైనా, ఒక్క ప్రశ్న అడిగి చూడండి: సహాయనిధి చెక్కులు, కల్యాణలక్ష్మి చెక్కులు క్యాంపు ఆఫీసులో పంచడం మాని నేరుగా ఖాతాల్లో వేయించమని అసెంబ్లీలో అడుగుతారా? మా ఊరికి వచ్చిన ఒక యువ అభ్యర్థిని, మార్పు కోసం వచ్చానని అరగంట మాట్లాడినాయనను, నేను ఇదే అడిగాను. ఆయన నవ్వి, "అది కూడా లేకుంటే జనం నా దగ్గరికి ఎందుకొస్తరు సార్" అన్నారు.