వాటా వదులుకుంటున్నట్టు బాబు చేత వేలిముద్ర వేయించవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన నా భర్త మూడేళ్ల క్రితం చనిపోయారు. వీలునామా రాయలేదు. ఆయన సొంతంగా కట్టిన ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. అత్తమామలు అప్పటికే లేరు. అమ్మాయి పెళ్లయి హైదరాబాదులో ఉంటోంది. బాబుకు 24 ఏళ్లు. పుట్టుకతో బుద్ధిమాంద్యం, సదరం పత్రంలో 75 శాతం అని ఉంది. వాడి పేరున డిపాజిట్ చేద్దామంటే సంతకం పెట్టలేడని బ్యాంకువాళ్లు తిప్పి పంపారు. ఇల్లు అమ్మాయి పేరున రాయించమనీ, బాబు చేత వేలిముద్ర వేయిస్తే చాలనీ, నా తర్వాత అదే తమ్ముణ్ణి చూసుకుంటుందనీ మా మరిది అంటున్నారు. పోయిన నెల వీధిలో ఎవరో బాబు చేతిలోని నా ఫోను తీసుకుని, వాడి చేతనే పిన్ చెప్పించి 4,000 రూపాయలు పంపుకున్నారు. అప్పటి నుంచి వాడి చేతికి రూపాయి కూడా ఇవ్వడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఆ వేలిముద్ర మాత్రం వేయించకండి. మిగిలిన పనులు నిదానంగా చేసుకోవచ్చు. ఆ ఒక్కటి జరిగిపోతే సరిదిద్దడానికి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. మీవారు వీలునామా లేకుండా పోయారు కాబట్టి, ఆయన కన్నుమూసిన రోజునే ఆ ఇంట్లో మీకు, అమ్మాయికి, బాబుకు తలా మూడో వంతు హక్కు వచ్చేసింది. రోగం వల్లగానీ, వైకల్యం వల్లగానీ ఎవరికీ వారసత్వం పోదని 1956 నాటి ఆ చట్టం 28వ సెక్షనే చెబుతోంది. ‘వాడికేం తెలుస్తుంది, వాడికెందుకు ఇల్లు’ అని ఎవరైనా అంటే ఈ సెక్షను గుర్తు చేయండి. బాబు మీ దయ మీద ఆ ఇంట్లో ఉండటం లేదు. మీలాగే తానూ ఒక హక్కుదారు.

మీ మరిదిగారు చెబుతున్నది హక్కు విడుదల దస్తావేజు, అంటే తన వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం. అది చెల్లాలంటే రాసిచ్చే మనిషికి దాని అర్థం తెలియాలి, తనకు కలిగే లాభనష్టాలు బేరీజు వేసుకోగలగాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను కోరేది అదే. బాబుకు ఆ పత్రం అర్థం కాదని మీకూ తెలుసు, మరిదిగారికీ తెలుసు. తెలిసీ వేయించిన వేలిముద్ర రేపు మీ అమ్మాయి మెడకే చుట్టుకుంటుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 13వ సెక్షను ఇంకో మాట కూడా చెబుతోంది. సాయపడే వ్యక్తికీ, దివ్యాంగుడికీ ఒక ఆస్తి వ్యవహారంలో ప్రయోజనాలు ఎదురెదురైతే, ఆ వ్యవహారం వరకు సాయపడే వ్యక్తి పక్కకు తప్పుకోవాలి. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ప్రయోజనాలు ఎదురెదురుగా ఉన్నాయని అనుకోకూడదని కూడా అదే సెక్షను అంటోంది. మీ అమ్మాయి మీద నాకు అనుమానం ఏమీ లేదు. ఆమె మంచిదే కావచ్చు. కానీ ఆమెకూ అప్పులు, జబ్బులు, అత్తింటి ఒత్తిళ్లు ఉంటాయి. చూసుకుంటానన్న నోటిమాటకు ఆ రోజు ఏ విలువా ఉండదు. ‘పిల్లలు చూడకపోతే రాసిచ్చిన ఆస్తి వెనక్కి తీసుకోవచ్చు కదా’ అని కొందరు 2007 నాటి వయోవృద్ధుల చట్టం గురించి చెబుతారు. అది రాసిచ్చిన వృద్ధుల కోసం. మీ తర్వాత బాబు దాని కింద ఏమీ అడగలేడు.

ఇక బ్యాంకు సంగతి. 18 నిండాక తల్లి అయినా సరే, చట్టం దృష్టిలో దానంతట అదే సంరక్షకురాలు కాదు. చాలామంది తల్లిదండ్రులు ఈ విషయం బ్యాంకు కౌంటరు దగ్గరే మొదటిసారి వింటారు. దీనికి దారి జాతీయ ట్రస్టు చట్టం 1999. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. మనోవ్యాధులకు వర్తించదు. జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో, సంరక్షకులను నియమించే స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. మీకు గుంటూరు కలెక్టరేటు. అక్కడ వికలాంగుల సంక్షేమ శాఖలో అడిగి, ఫారం-ఏ నింపి ఇవ్వండి. వకీలు అక్కర్లేదు. బాబుకు సంరక్షకులు అసలు అవసరమా, ఏయే పనులకు అవసరం అని కమిటీ ముందు చూడాలని 14వ సెక్షను అంటోంది. అందుకే దరఖాస్తులో ‘అన్నిటికీ’ అని రాయకండి. బ్యాంకు ఖాతా, డిపాజిట్, పింఛను, వైద్యం అని విడివిడిగా రాయండి.

సంరక్షకులుగా నియమించాక ఆరు నెలల్లో బాబు ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా లెక్క చూపాలి. ఇది భారమని కొందరు విసుక్కుంటారు. రేపు మీ స్థానంలో ఇంకొకరు కూర్చున్నప్పుడు బాబు డబ్బుకు కాపలా కాసేది ఆ లెక్కే. ఆ కాగితంతో ఇల్లు అమ్మేయవచ్చని మాత్రం అనుకోకండి. స్థిరాస్తి దగ్గర న్యాయస్థానం అనుమతి తీసుకునే అడుగు వేయడం క్షేమం.

కమిటీ ఇచ్చిన సంరక్షకత్వ పత్రాన్ని బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. అయినా కాదంటే నోటితో వాదించకండి. రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది చివరి వాక్యం. రూపాయి కూడా ఇవ్వడం లేదన్నారు. మోసం చేసినవాడు ఎవరో, శిక్ష పడింది బాబుకు. ఆర్థిక వ్యవహారాలు చూసుకునే హక్కు దివ్యాంగులకూ ఉందని చట్టం ఊరికే రాయలేదు. 75 శాతం వైకల్యం అంటే 75 శాతం డబ్బు తెలియదని కాదు.

నా దగ్గరకు వచ్చిన ఒక తండ్రి తన కొడుక్కి నేర్పిన పద్ధతి చెబుతాను. అట్టముక్క మీద నోట్ల కొలతలు గీసి, వాటికి రంగులు వేశాడు. యాభై నీలం, వంద లేత ఊదా, రెండు వందలు పసుపు. పాల ప్యాకెట్టు బొమ్మ పక్కన ఏ నోటు పెట్టాలో అబ్బాయి చూసుకుని పెట్టేవాడు. అంకెలు రావు, రంగులు వచ్చు. ఏడాది తిరిగేసరికి రోజూ పాలు తెచ్చేది అతనే. మిగిలిన చిల్లర డబ్బాలో వేసి, తండ్రి చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించేవాడు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థలో ఇలాంటి శిక్షణ గురించి తల్లిదండ్రులకు చెబుతారు. ఒకసారి వెళ్లి రండి.

ఫోను మాత్రం వేరే సంగతి. మీ కుటుంబ పింఛను పడే ఖాతా ఉన్న ఫోను బాబు చేతికి ఇవ్వకండి. వారం ఖర్చుకు సరిపడా మాత్రమే ఉండే ఖాతా వేరుగా పెట్టండి. పోతే పోయేది అంతే. ‘డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, అడిగినవాడు దొంగ’ అన్న ఒక్క మాట రోజూ చెప్పించండి. ఇలాంటిది మళ్లీ జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి, బ్యాంకుకూ చెప్పండి. పిన్ మనమే చెప్పినప్పుడు, బ్యాంకుకు తెలిపేదాకా పోయిన సొమ్ము మన నెత్తినే పడుతుంది.

మీ తర్వాత బాబు గతి ఏమిటన్న బెంగ నాకు అర్థమైంది. సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి తండ్రి ఉద్యోగం మీద జీవితాంతం కుటుంబ పింఛనుకు అర్హత ఉంటుంది. మీరుండగానే బాబు పేరు పింఛను కాగితాల్లోకి ఎక్కించండి. మీరు పోయాక దాన్ని నిరూపించడానికి ఎవరు తిరుగుతారు? జాతీయ ట్రస్టు ‘నిరామయ’ బీమా కింద లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి, అదీ చేయించండి.

మీ మూడో వంతు మీ ఇష్టం. దానికి వీలునామా రాయండి, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు గానీ, మీ విషయంలో చేయించమనే అంటాను. బాబు పేరున నేరుగా రాసే బదులు, బాబు పోషణ కోసం ఒక ట్రస్టు ఏర్పడేలా రాయవచ్చు. అందులో ధర్మకర్తలు ఇద్దరైనా ఉండాలి. నా అనుభవంలో డబ్బు పెట్టె తాళం, మనిషిని చూసుకునే బాధ్యత ఒకే చేతిలో ఉండకూడదు. అమ్మాయి సంరక్షకురాలైతే, తాళం ఇంకొకరి దగ్గర ఉండనివ్వండి. డిపాజిట్‌కు అమ్మాయిని నామినీగా పెట్టినంత మాత్రాన పని అయిపోయిందనుకోకండి, నామినీ అంటే సొమ్ము అందుకుని వారసులకు పంచాల్సినవారే. మరిదిగారికి మీ తరఫున వ్యవహరించే అధికారం, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చినా అంతే, మీ ప్రాణంతోపాటే అదీ పోతుంది.

గుంటూరు వెళ్లేటప్పుడు సదరం పత్రం, బాబు వయసు రుజువు, ఆధార్, మీవారి మరణ ధ్రువీకరణ పత్రం తీసుకెళ్లండి. బాబునూ వెంట తీసుకెళ్లండి. బస్సు టికెట్టు డబ్బులు వాడి చేతనే ఇప్పించండి.