నీలి తాండూరు బండలున్న ఇంట్లో గోడలకు ఏ రంగు నప్పుతుంది?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో పాత ఇల్లు బాగు చేయిస్తున్నాం. కింద నీలి తాండూరు బండలు, టేకు తలుపులు. బండలు తీసి టైల్స్ వేయాలా? గోడలకు ఏ రంగు?

బండలు అస్సలు తీయకండి, మిషన్ పాలిష్ పట్టించండి. పాలిష్ ముందు, పెయింట్ తర్వాత. లేకపోతే ఆ బురదనీళ్లు కొత్త గోడల మీద చిమ్ముతాయి.

తాండూరు నీలం బూడిద కలిసిన చల్లటి రంగు. రంగులను వరుసగా గుండ్రంగా పేర్చి చూపే రంగుల చక్రంలో నీలానికి ఎదురుగా ఉండేది నారింజ, ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి ఎత్తి చూపిస్తాయి. అలాగని గదంతా నారింజ వేస్తే కళ్లకు కొడుతుంది. దాన్నే బాగా పలచన చేసినట్టుండే మీగడ రంగు గానీ లేత గంధం రంగు గానీ మూడు గోడలకు వేసి, ఇటుక రంగు ఒక్క గోడకే ఉంచండి. టేకులో నారింజ ఛాయ ముందే ఉంది కాబట్టి తలుపులకు రంగు వద్దు, క్లియర్ పాలిష్ చాలు.

డబ్బాలు కొనేముందు బండకు ఆనుకొని గోడ మీద 2 అడుగుల చదరంలో రెండు పూతలు వేయించి, పొద్దున ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత, బల్బు డబ్బా మీద ఉంటుంది) తెల్ల బల్బు కింద మీగడ రంగు పాలిపోతుంది, 3000 కెల్విన్ పసుపు ఛాయ బల్బు కింద నిండుగా కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: తాండూరు బండ సున్నపురాయి. పెయింట్ మరకలకని యాసిడ్ పోస్తే నురగ పొంగి మెరుపు పోతుంది, ఆ మచ్చ కడిగితే పోదు. ముందే పట్టా పరిపించండి. చింతపండు పులుసు ఒలికినా అంతే, అందుకే వంటగట్టుకు నల్ల గ్రానైట్ వేయించండి.