నలభై దాటాక విమర్శనాత్మకంగా చదవడం నేర్చుకోవచ్చా?

మీ ప్రశ్నలో రెండు బాధలు కనిపిస్తున్నాయి. పుస్తకం చదివాక దాని గురించి ఎవరైనా అడిగితే నాలుగు మాటలు చెప్పలేకపోతున్నానని ఒకటి, ఎవరు రాసింది చదివితే వాళ్లదే రైటు అనిపిస్తోందని రెండోది. నలభై దాటాక ఇది మారుతుందా అని అడిగారు. తప్పకుండా మారుతుంది. చదువు అయిపోయిన చాలా ఏళ్లకు, ఉద్యోగం చేసుకుంటూనే నేనిది నేర్చుకున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ముందు ఎక్కువ పుస్తకాలు చదివేయాలన్న ఆలోచన పక్కన పెట్టండి. ఒకటి రెండు పేజీల వ్యాసం చాలు. పత్రికల్లో సంపాదకీయం పేజీలో వచ్చేవి దీనికి బాగా పనికొస్తాయి. రాసినవారు మనల్ని ఏదో ఒకటి ఒప్పించాలనే రాస్తారు కదా. మొదటిసారి మామూలుగా చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని మూడు విషయాలు వెతకండి. మనల్ని నమ్మమంటున్నది ఏమిటి? దానికి చూపిస్తున్న ఆధారం ఏమిటి? ఆ ఆధారానికీ ఈ మాటకూ ముడిపడాలంటే, పైకి చెప్పకుండా మన చేత ఏం ఒప్పించుకుంటున్నారు? స్టీఫెన్ టూల్మిన్ అనే తత్వవేత్త 1958లో వాదనను ఇలా విడదీసి చూపించారు. మొదటి రెండూ త్వరగానే పట్టుబడతాయి. అసలు కష్టం మూడోదానితోనే.

ఒక వ్యాసం ఇలా అంటోందనుకోండి: ‘జీవితంలో పైకొచ్చిన వాళ్లను చూడండి, అందరూ తెల్లవారుజామునే లేచేవాళ్లు. మీరూ లేవండి, మీ జీవితం మారుతుంది.’ వినగానే నిజమే కదా అనిపిస్తుంది. నమ్మమంటున్నది, పొద్దున్నే లేస్తే పైకొస్తామని. ఆధారం, పైకొచ్చిన వాళ్ల అలవాటు. మరి చెప్పనిది? అంత పొద్దున్నే లేచి కూడా పైకి రానివాళ్లు పెద్దగా లేరని. ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసి చూసుకోండి. రోజూ చీకటితోనే లేచి పనికి పరిగెత్తేవాళ్లు ఎంతమందో వెంటనే గుర్తొస్తారు. వ్యాసంలో వాళ్ల ఊసే లేదు. ఆ అలవాటు వల్ల పైకొచ్చారా, పైకొచ్చాక ఆ అలవాటు చేసుకున్నారా అన్నది కూడా తేల్లేదు. అలాగని పొద్దున్నే లేవడం వృథా అని మనం నిరూపించలేదు. చూపించిన ఆధారం చెప్పిన మాటకు సరిపోలేదు, అంతవరకే. ‘అది తప్పు’ అనడానికీ ‘అది ఇంకా రుజువు కాలేదు’ అనడానికీ ఎంత తేడా ఉందో తెలిసిన తర్వాతే నా చదువు నిజంగా మారింది.

విమర్శ అంటే తప్పులు పట్టడం అనుకుంటే మాత్రం దారి తప్పినట్టే. మన శాస్త్ర గ్రంథాల్లో ఎదుటివారి వాదాన్ని ముందు పూర్వపక్షంగా నిలబెట్టి, ఆ తర్వాతే ఖండించేవారు. నేనూ అంతే. నాకు నచ్చని వ్యాసం ఏమంటోందో, దాన్ని రాసినవారే చూసి ‘అవును, నేనన్నది ఇదే’ అనేలా రెండు మూడు వాక్యాల్లో రాయగలిగితేనే దాని మీద అభిప్రాయం చెబుతాను. నచ్చిన వ్యాసాన్ని కూడా అంతే గట్టిగా ప్రశ్నించాలి. నిజం చెప్పాలంటే ఇదే ఎక్కువ కష్టం.

ఇక గుర్తుండకపోవడం గురించి. గీతలు గీసుకోవడం, మళ్లీ మళ్లీ చదవడం మానేసి, పుస్తకం మూసి, గుర్తున్నది రాయండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే, మళ్లీ చదవకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లదే పైచేయి అయింది. మొదట్లో కాగితం సగం కూడా నిండదు, దానికి టెన్షన్ పడొద్దు.

ఇంటర్నెట్‌లో చదివేదానికి ఒక చిన్న జాగ్రత్త: పేజీలోకి లోతుగా దిగే ముందు రాసిందెవరో, వాళ్ల గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో బయట వెతకండి.

వయసు అడ్డమని మీరు భయపడుతున్నారు కానీ, మీ అనుభవమే మీకు బలం. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు బడి పిల్లల చేత బేస్‌బాల్ గురించి చదివించారు. బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే, చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవాళ్లే ఎక్కువ అర్థం చేసుకున్నారు. అందుకే మీ ఉద్యోగానికి సంబంధించిన వ్యాసంతో మొదలుపెట్టండి. ఎక్కడ అతిశయోక్తి ఉందో, ఏది దాటేశారో మీకు ఇట్టే తెలిసిపోతుంది.

ఒంటరిగా చేయొచ్చా అని కూడా అడిగారు. చేయొచ్చు. కానీ ఒక్క స్నేహితుడో స్నేహితురాలో దొరికితే ఇద్దరూ ఒకే వ్యాసం చదివి, ఆ మూడు జవాబులూ విడివిడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోండి. మేమలా చేసినప్పుడు మొదటి రెండూ దాదాపు ఒకేలా ఉండేవి, మూడోది చాలాసార్లు వేరుగా వచ్చేది. అక్కడి నుంచే మాట్లాడుకోవడం మొదలుపెట్టేవాళ్లం.