ఆవిరితో పాటు పొర్లే నీళ్లు

ప్రశ్న: 2011 జనవరిలో ఇటలీలోని బొలోన్యాలో ఆండ్రియా రోస్సి అనే ఆయన ‘ఈ-క్యాట్’ యంత్రాన్ని చూపించి, ఇచ్చిన కరెంటు కన్నా ఎన్నో రెట్ల వేడి ఆవిరిగా వస్తోందన్నారని చదివాను. ఆవిరితో పాటు మామూలు నీళ్లు కూడా పొర్లిపోయి ఉండొచ్చని కొందరు సందేహపడ్డారట. కాసిన్ని నీళ్లు పోతే లెక్క అంత మారిపోతుందా? వాటిని కచ్చితంగా కొలవడం ఎలా?
— ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మారిపోతుందండీ, తలకిందులైపోతుంది. ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ని, ఈ సంగతి గురించి ఎవరడిగినా ఓపిగ్గా చెబుతాను.

కిలో నీళ్లని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజౌళ్ల వేడి చాలు. అదే కిలో 100 డిగ్రీల నీటిని ఆవిరి చెయ్యాలంటే ఇంకో 2,257 కావాలి. అంటే అసలు ఖర్చంతా మరిగాకే. గంటకు 15 లీటర్లు లోపలికి పంపుతున్నామనుకోండి. అంతా ఆవిరైతే 10.7 కిలోవాట్లు. మరిగిన నీళ్లు మరిగినట్టే పొర్లిపోతే 1.3 కిలోవాట్లే. బయటి గొట్టం దగ్గర థర్మామీటర్ మాత్రం రెండుసార్లూ 100 డిగ్రీలే చూపిస్తుంది! బొలోన్యాలో వచ్చిన గొడవ సరిగ్గా ఇదే. అక్కడ ప్రకటించిన వేడి సుమారు 12 కిలోవాట్లు. లోపలికెళ్లిన నీరంతా ఆవిరైందన్న నమ్మకం మీద వేసిన లెక్క అది.

ఆవిరి పొడిగా ఉందని తేల్చడానికి అక్కడ తేమ కొలిచే మీటర్ పెట్టారు. అది గాలిలో తేమ కోసం చేసిన సాధనం. ఆవిరిలో తేలే నీటి తుంపరలు దానికి అందవు. ఘనపరిమాణంలో నూటికి ఒక్క వంతు తుంపరలుంటే, బరువులో 94 శాతం నీళ్లే అవుతాయి. నీళ్లు ఆవిరి కన్నా అంత బరువు మరి. కుక్కర్ నిండా పప్పు పోస్తే విజిల్‌తో పాటు పచ్చటి నీళ్లు చిమ్ముతాయి చూడండి, బాయిలర్ వాళ్లు ‘క్యారీ ఓవర్’ అనేది దాన్నే.

మీ జిల్లాలోనే, ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఇలాంటిదే చూశాను. కరెంటు మీద నడిచే చిన్న ఆవిరి పరికరం. ఎవరో అమ్మకానికి తెచ్చారు. గొట్టం చివర మురుగు కాలవలోకి వదిలారు, పైన పొగలు కమ్ముకుని ఉన్నాయి. పరికరానికి గంటకు 15 లీటర్లు ఎక్కుతున్నాయి. గుడ్డ చుట్టి గొట్టం పైకెత్తాను. బుసబుస కొట్టాల్సిన చోట, చిటికెన వేలంత లావు నీటి ధార బకెట్లో పడింది. 15 కిలోల ఆవిరి రెండు సెంటీమీటర్ల గొట్టంలోంచి వచ్చిందంటే సెకనుకు 22 మీటర్ల వేగం ఉండాలి. అంటే గంటకు 80 కిలోమీటర్లు, బస్సు వేగం! అక్కడ ఆ ఊపే లేదు.

ఇక కొలవడం. ఆవిరిని పైనుంచి వదిలి నీళ్లని అడుగున పట్టుకునే కుండీని పరికరం పక్కనే గొట్టానికి పెట్టి, అడుగు నుంచి కారేదాన్ని తూచవచ్చు. కానీ గొట్టం పొడుగ్గా ఉంటే దారిలో చల్లబడ్డ ఆవిరి కూడా నీళ్లై కలుస్తుంది, సన్న తుంపరేమో పైనుంచే తప్పించుకుపోతుంది. అందుకే నేను ఎప్పుడూ డ్రమ్ము పద్ధతే చెబుతాను. కాటా మీద డ్రమ్ము పెట్టి, 25 డిగ్రీల నీళ్లు 100 కిలోలు పోసి, గొట్టం అందులో ముంచండి. గొట్టానికి గోనెపట్టా చుట్టండి. పది నిమిషాల్లో రెండున్నర కిలోలు వస్తాయి. అంతా ఆవిరైతే డ్రమ్ము 15 డిగ్రీలు వేడెక్కుతుంది. అంతా వేడినీళ్లైతే రెండు డిగ్రీల లోపే. తడో పొడో తేల్చుకునే బాధ లేదు, వచ్చిన వేడంతా డ్రమ్ములోనే ఉంటుంది. కర్రతో బాగా కలిపాకే థర్మామీటర్ చూడండి.

లోపలికెళ్లే నీళ్లనీ తూకంతోనే కొలవండి. పంపు మీద రాసిన లెక్కని నమ్మకండి, ఎదురు ఒత్తిడి ఉంటే అది తగ్గుతుంది. పరికరం ఖాళీగా మొదలైతే మొదట కాసేపు లోపల నిండుతుంది. బయటికి వచ్చేది స్థిరపడ్డాకే గడియారం నొక్కండి. థర్మామీటర్ 100.5 చూపిందని ఆవిరి పొడిదేనని సంబరపడొద్దు. 18 సెంటీమీటర్ల నీటి ఎత్తంత ఎదురు ఒత్తిడికే ఆ అర డిగ్రీ వస్తుంది.

ఆ మిల్లులో డ్రమ్ము మూడు డిగ్రీలు కూడా పెరగలేదు. యజమాని మళ్లీ మొదటినుంచి చెయ్యమన్నారు, చేశాం. రెండోసారీ అంతే. ఆయన ఏమీ అనకుండా పరికరాన్ని బండెక్కించారు.

మీరు ఈ పరీక్ష చేస్తే ఒక్కటి మర్చిపోకండి. ఆపే ముందు గొట్టాన్ని నీళ్లలోంచి పైకి తియ్యండి. లేకపోతే లోపల ఆవిరి చల్లారి, డ్రమ్ములోని నీళ్లని ఒక్కసారిగా పరికరంలోకి లాక్కుంటుంది. చేతులకి తొడుగులు వేసుకోండి.