ఎలాన్ అసలు ధర 32,000 పౌండ్లు కాదు

ప్రశ్న: మిల్టన్ కీన్స్‌లో ఐటీ ఉద్యోగిని. స్కిల్డ్ వర్కర్ వీసా. ఈ కంపెనీలో చేరి 14 నెలలైంది. నేను, భార్య, ఏడేళ్ల పాప. నెలకు చేతికి 4,000 పౌండ్లు వస్తుంది, 2,900 ఖర్చవుతుంది. బ్యాంకులో 9,000, స్టాక్స్ అండ్ షేర్స్ ఐసాలో (లాభం మీద పన్ను లేని షేర్ల ఖాతా) 14,000 ఉన్నాయి. 1969 నాటి లోటస్ ఎలాన్ ఎస్4 స్పోర్ట్స్ కారు ఒకటి 32,000కు దొరుకుతోంది. బ్యాంకులోని 9,000 పెట్టి, 1,000 జీరో పర్సెంట్ క్రెడిట్ కార్డు మీద కట్టి, మిగతా 22,000కు 9.9 శాతం వడ్డీకి ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుందామని ఆలోచన. రిపేర్లు వస్తే గుంటూరులో అమ్మ బంగారం మీద రుణం తెప్పించుకోవచ్చు. ఇలాంటి ట్విన్‌క్యామ్ (రెండు క్యామ్‌షాఫ్టుల ఇంజిన్) కార్ల ధర పెరుగుతుందనీ, లాభం మీద పన్ను ఉండదనీ విన్నాను. పెట్టుబడిగా సరైనదేనా?

జవాబు: కారు మంచిదే. కొనాలనుకుంటున్న పద్ధతే బాగోలేదు. మీరు కారుకు లెక్క వేశారు, అప్పుకు వేశారు, రాబోయే లాభానికి కూడా వేశారు. ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందన్న దానికి మాత్రం ఒక్క అంకె లేదు. పాత కారు మీద మనసుపడినవాళ్లు తరచూ చేసే పొరపాటే ఇది. కష్టకాలానికని దాచుకున్నది కాస్తా అడ్వాన్సుగా మారిపోతుంది.

పైగా ఆ 9,000 మీదని మీరు అనుకుంటున్నారు గానీ అది ఇప్పటికే వీసాలు చూసే హోం ఆఫీసుది. ఐఎల్‌ఆర్‌కు, అంటే శాశ్వత నివాస అనుమతికి, మనిషికి 3,000 పౌండ్ల పైనే ఫీజు. ముగ్గురికి ఎంతో మీరే చూసుకోండి. అది వెనక్కి జరిగి వీసా పొడిగించాల్సి వస్తే, ఆ ఫీజుతో పాటు హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి పెద్దవాళ్లకు 1,035, పాపకు 776 చొప్పున మొత్తం కాలానికి ఒకేసారి కట్టాలి. ఆ డబ్బు పక్కన పెడితే మీ చేతిలో అత్యవసర నిధి సున్నా.

మీ పరిస్థితిలో సున్నా అంటే ఏమిటో చెబుతాను. ఉద్యోగం పోయిందని కంపెనీ తెలియజేశాక హోం ఆఫీసు వీసాను కుదిస్తుంది. కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది 60 రోజులు. ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే చట్టబద్ధమైన రిడండెన్సీ చెల్లింపు రావాలంటే ఒకే కంపెనీలో రెండేళ్లు పూర్తికావాలి. మీవి 14 నెలలే. వీసా షరతుల ప్రకారం ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ భృతి అడగడానికి లేదు. జబ్బు చేసి సెలవు పెడితే, కంపెనీ అదనంగా ఇవ్వని పక్షంలో, వారానికి సుమారు 120 పౌండ్లు, అదీ 28 వారాలకు మించకుండా వస్తుంది. మీకు వారానికి అయ్యే ఖర్చు దాదాపు 670. అందుకే ఆరు నెలల ఖర్చు, అంటే 17,400 పౌండ్లు, రొక్కంగా ఉండి తీరాలి. ఐసాలోని 14,000ను ఇందులో కలపకండి. కంపెనీలు మనుషుల్ని తీసేసే రోజుల్లోనే షేర్లు కూడా పడుతుంటాయి.

ఇక కారు. ఎలాన్‌ను కొన్న ధరతో లెక్కవేయడమంటే ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడటమే. ఫోర్డ్ ఇనుప బ్లాకు మీద ఇంజినీరు హ్యారీ మండీ డిజైన్ చేసిన అల్యూమినియం సిలిండర్ హెడ్ పెట్టిన ఆ 1,558 సీసీ ఇంజిన్‌లో వాటర్ పంపు విడిగా ఉండదు, టైమింగ్ చెయిన్‌ను కప్పే ముందు కవర్‌లోనే ఇమిడి ఉంటుంది. ఫ్యాన్ బెల్టు బిగువు ఎక్కువైతే బేరింగ్ పోతుంది. పంపు మార్చాలంటే హెడ్ దించాలి, అడుగున ఉండే ఆయిల్ తొట్టి (సంప్) విప్పాలి, ఆ తర్వాతే కవర్ బయటికి వస్తుంది. మామూలు కారులో ఓ పూట పని ఇక్కడ 20 గంటలు పట్టిందనుకోండి, గంటకు 80 పౌండ్ల చొప్పున కూలికే 1,600. పంపును తర్వాత విడిగా మార్చుకునే కార్ట్రిడ్జ్ రకం కవర్ ఇప్పటికే వేసి ఉంటే అమ్మేవాళ్లను బిల్లు చూపించమనండి. లేకపోతే ఇంజిన్ ఆపి, వాటర్ పంపు పుల్లీని పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. ఆట ఉందంటే ఆ బిల్లు మీకోసమే ఎదురుచూస్తోందని అర్థం.

టైమింగ్ చెయిన్ బిగించే బోల్టు కవర్ పక్కన కనిపిస్తుంది. అది చివరిదాకా లోపలికి వెళ్లిపోయి ఉంటే చెయిన్ సాగిపోయినట్టే, ఇక బిగించడానికి చోటుండదు. ఇంజిన్ బాగా వేడెక్కాక పరుగులో ఆయిల్ ప్రెజర్ 35 పీఎస్‌ఐ కన్నా తగ్గకూడదు. హెడ్‌ను ఎన్నిసార్లు చెక్కారో, 82.55 మిల్లీమీటర్ల అసలు బోరును (సిలిండర్ వ్యాసం) ఎంత పెంచారో కాగితాల్లో వెతకండి. ఆ బ్లాకును ఇష్టమొచ్చినంత పెంచడానికి గోడల్లో మందం చాలదు. ఇంజిన్ పూర్తిగా విప్పి కట్టాలంటే 9,000 పౌండ్లు పక్కన పెట్టుకోండి, హెడ్ పగిలి ఉంటే అదీ చాలదు.

ఇంకో తమాషా ఉంది. పైకి లేచే హెడ్‌ల్యాంపులకు కావలసిన వాక్యూమ్‌ను నిలవచేసేది చాసిస్ ముందు అడ్డంగా ఉండే బోలు ఉక్కు పెట్టెలోనే. ల్యాంపులు సరిగా లేవకపోయినా, ఉన్నచోట నిలవకపోయినా అమ్మేవాళ్లు ‘రబ్బరు గొట్టం అండీ’ అంటారు. గొట్టమే కావచ్చు. ఆ పెట్టె లోపలినుంచి తుప్పుపట్టి చిల్లు పడి ఉండొచ్చు కూడా. అప్పుడు ఫైబర్‌గ్లాస్ బాడీని మొత్తం ఎత్తి చాసిస్ మార్చాలి, బిల్లు ఐదంకెలకు చేరుతుంది. గాల్వనైజ్డ్ చాసిస్ ఇదివరకే వేయించిన కారు అయితే రెండు మూడు వేలు ఎక్కువైనా అదే చవక. వెనక డ్రైవ్‌షాఫ్టుల రబ్బరు కప్లింగులు నాలుగూ పగుళ్లు లేకుండా ఉన్నాయా, కార్బ్యురేటర్ల దగ్గర పెట్రోలు చెమ్మ ఉందా అన్నదీ చూడండి. 2021 నుంచి బంకుల్లో వస్తున్న ఈ10 (ఇథనాల్ కలిపిన) పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. కారుతున్న పెట్రోలు, వేడి ఎగ్జాస్టు, ఫైబర్‌గ్లాస్ బాడీ మూడూ ఒకచోట కలిస్తే మిగిలేది చాసిస్ ఒక్కటే.

ఇప్పుడు మీ అప్పు సంగతి. 22,000కు నెలకు దాదాపు 462 వాయిదా, ఐదేళ్లలో వడ్డీయే 5,700. అంటే ఒక్క బోల్టు మార్చకుండా వాడినా కారు 37,700కు అమ్ముడుపోతేనే మీరు మొదలుపెట్టిన చోటికి వస్తారు. వాయిదా, గ్యారేజీ అద్దె, బీమా, పెట్రోలు, సర్వీసు పోగా నెలకు ఓ 400 మిగులుతుందేమో. ఇంజిన్ పనికయ్యే 9,000 ఆ మిగులులో కూడబెట్టడానికి 22 నెలలకు పైగా పడుతుంది. అన్నాళ్లూ విప్పిన ఎలాన్ వర్క్‌షాపులో, వాయిదా మీ నెత్తిన. మీ దగ్గరున్న జవాబు అమ్మగారి బంగారం! పౌండ్లలో జీతం తీసుకునే మనిషి, ఇంగ్లండులో వారాంతాల్లో తిప్పే కారు కోసం గుంటూరులో తల్లి నగలు కుదువ పెట్టించడమేమిటి? అక్కడ వడ్డీ కట్టకపోతే నగలు వేలానికి వెళ్తాయి. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. క్రెడిట్ కార్డు మీద 1,000 కట్టడం వల్లా ఒరిగేదేమీ లేదు. కార్డు మీద కొన్నదానికి కార్డు కంపెనీని బాధ్యత వహించమనే సెక్షన్ 75 రక్షణ, వస్తువు ధర 30,000 పౌండ్లు దాటితే వర్తించదు.

పన్ను గురించి విన్నది నిజమే, కారు అమ్మితే వచ్చే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. నష్టమొస్తే దాన్ని మరో లాభంలోంచి తీసేసుకునే వీలూ లేదు. 40 ఏళ్లు దాటిన వాహనం కాబట్టి రోడ్ ట్యాక్స్ సున్నా, ఎంఓటీ (ఏటా చేసే వాహన ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించండి, గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లే. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న కారు నడిపితే జరిమానా 2,500 దాకా ఉంటుంది. బీమా అగ్రీడ్ వాల్యూ పద్ధతిలోనే, అంటే కారు విలువను ముందే ఒప్పుకుని, తీసుకోండి. కారు ఫొటోలు, ఓనర్స్ క్లబ్బు వాల్యుయేషన్ పత్రం ఇచ్చి, ఆ విలువను ఏటా సవరించుకోవాలి. కారు బీమా కన్నా ముందు మీ ప్రాణానికి బీమా కావాలి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి కంపెనీ ఇచ్చే డెత్ ఇన్ సర్వీస్ ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా టర్మ్ పాలసీ, దానితో ఇన్‌కమ్ ప్రొటెక్షన్ (జబ్బుచేసి పనిచేయలేనప్పుడు ఆదాయమిచ్చే బీమా) ఈ నెలలోనే తీసుకోండి.

అప్పు లేకుండా ఎలాన్ కొనగలరా అంటే, కొనగలరు. ఉన్న 9,000ను వీసా ఖాతాగా విడదీయండి. నెలకు మిగిలే 1,100తో 16 నెలల్లో అత్యవసర నిధి నిండుతుంది. ఆ తర్వాత 16 నెలల పొదుపు, ఐసా కలిపితే కారు ధర దగ్గరకు వస్తారు. మరో ఆరు నెలలు ఆగితే ధరలో 20 శాతం, అంటే 6,400 పౌండ్ల రిపేరు నిధి సిద్ధం. పాలసీల ప్రీమియం వల్ల ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అయినా మొత్తం 38 నెలల చిల్లర. మీరు అడిగిన రుణం తీరడానికి 60 నెలలు.

అంతదాకా ఆగలేనంటే, అత్యవసర నిధి నిండాక ఓ నాలుగైదు నెలల పొదుపుతో మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 చూడండి. ఎలాన్‌ను చూసి గీసిన కారే, అందులోనూ ట్విన్‌క్యామే. దానిలో తుప్పు వెనక చక్రాల ముందుండే సిల్స్‌లో (తలుపుల కింది అంచుల్లో) మొదలవుతుంది, కింద పడుకుని టార్చి వేసి చూడాలి.